కోడి గింజ ముట్టేదాకా

మన పండుగల గురించి తెలుగులో వచ్చే రాతల్లో మూడు మాటలు తప్పకుండా కనిపిస్తాయి. మూఢనమ్మకం, జీవహింస, వింత ఆచారం. ఏజెన్సీలో పండుగ జరిగిన మర్నాడు జిల్లా పేజీ తెరిస్తే చాలు. ఫొటోలో నెత్తురు ఉంటుంది, కింద ఆ మూడు మాటల్లో ఒకటి ఉంటుంది. పండుగ ఎందుకు చేశారు, ఏ పంట కోసం చేశారు, ఎవరు మొదలుపెట్టారు, మాంసం ఎలా పంచారు, ఇవేవీ ఉండవు. మన పిల్లలు దీనికి ఫోన్లలో జవాబు చెబుతున్నారు. ఆ జవాబు కూడా ఒక్క వాక్యమే: ఇది మా సంస్కృతి, మీకేం తెలుసు. ఈ రెండు మాటలూ ఎదురెదురుగా నిలబడినట్టు కనిపిస్తాయి గానీ, రెండింటిలోనూ ఒకటే లోపం. ఇద్దరూ ఆ జంతువు వైపు చూడరు. ఒకరికి అది మనల్ని తిట్టడానికి సాకు, ఇంకొకరికి మన జెండా.

ముందు 'బలి' అన్న మాటను చూద్దాం. సంస్కృతంలో దానికి అర్పణ, కానుక, పన్ను అనే అర్థాలున్నాయి. రాజుకు కట్టే పన్నును కూడా పాతకాలంలో బలి అనేవారు. నేటి తెలుగులో ఆ అర్థాలు దాదాపు పోయి 'ప్రమాదానికి బలి', 'కుట్రకు బలి', 'బలిపశువు' అనే వాడుకలు మిగిలాయి. అంటే మాటలోనే అన్యాయం చేరిపోయింది. బడిలో మాస్టారు 'జంతుబలి' అనగానే పిల్లవాడికి కానుక గుర్తుకు రాదు, నేరం గుర్తుకొస్తుంది. మన ఇళ్ళల్లో ఎవరూ 'బలి ఇచ్చాం' అనరు. కోడి కోశాం అంటాం, మేకను పెట్టాం అంటాం, పండుగ చేశాం అంటాం. మనం వాడని మాటతో మన పని గురించి తీర్పు చెబుతున్నారు. ఇది చిన్న విషయం కాదు. తెలుగులో రాయడం నేర్చుకున్న మనవాళ్ళు కూడా ఆ మాటనే తెచ్చుకుని, దానితోపాటు ఆ తీర్పునూ తెచ్చుకుంటున్నారు.

మరి పండుగలో జరిగేదేమిటి? ఉత్తరాంధ్ర కొండల్లో చాలా తెగలకు ఉమ్మడిగా ఉన్న ఒక పద్ధతి చెబుతాను. కోడిని కోసే ముందు నేల మీద గుప్పెడు బియ్యం పోస్తారు. కోడిని దాని ముందు పట్టుకుంటారు. అది గింజ ముట్టాలి. ముడితే దేవతకు సమ్మతమని, ముట్టకపోతే కాదని. ముట్టని కోడిని పక్కన పెట్టి ఇంకో కోడిని తెస్తారు, లేదా పూజారి మళ్ళీ మొదటి నుంచి మొక్కుతాడు. ఇంట్లో ఏదో తప్పు జరిగిందని, పాత మొక్కు ఏదో తీరలేదని గుర్తు చేసుకుంటారు. ఒక్కోసారి పొద్దెక్కిపోతుంది. తెలంగాణ పల్లెల్లో మేక విషయంలోనూ ఇలాంటిదే ఉంది. మీద నీళ్ళు చల్లి, అది ఒళ్ళు దులిపేదాకా ఆగుతారు.

కోడి ఆకలేసి గింజ తిన్నది, మేకకు చలేసి దులుపుకుంది, అందులో సమ్మతం ఏముంది అని సైన్సు మాస్టార్లు నవ్వుతారు. నిజమే, కోడికి ఒప్పందం తెలియదు. అయితే ఆ గింజలు కోడి కోసం కాదు, కత్తి పట్టుకున్న మనిషి కోసం పోసినవి. చంపడానికి ముందు ఒక అడ్డు పెట్టుకున్నారు మన పెద్దలు. నీ చేతిలో కత్తి ఉన్నంత మాత్రాన నీ ఇష్టం కాదు, ఆగు, చూడు, కాదనే అవకాశం ఎదుటి ప్రాణికి ఇవ్వు అని. కోళ్ళ షాపులో గంటకు ఇన్ని అని కోసేచోట ఈ ఆగడం లేదు. అక్కడ కోడికి ముఖం కూడా లేదు, కిలో రేటు ఉంది. ఆశ్రమ పాఠశాలలో మా తరగతికి జీవహింస గురించి పాఠం చెప్పి, మీ ఊళ్ళో నెత్తురు తాగుతారట కదా అని అడిగిన ఉపాధ్యాయుడు ఒకాయన ఉండేవాడు. ఆదివారం హాస్టల్లో కోడికూర వండితే ఆయనకు విడిగా గిన్నెలో పంపాల్సి వచ్చేది. తినడం తప్పని నేననడం లేదు. ఆయన తిన్న కోడి ఎలా చచ్చిందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ ఆయనకు రాలేదు. మన పిల్లలకు తెలుసు. ఆ తెలియడాన్నే ఆయన అనాగరికం అన్నాడు.

ఇంతవరకూ చదివి మనవాళ్ళు సంతోషించవచ్చు. కానీ విమర్శ ఇక్కడ ఆగితే అది సగం విమర్శ.

మన ఆచారాల్లో బాధను పొడిగించేవి కూడా ఉన్నాయి. కోదుల దున్న పండుగను తీసుకోండి. దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. గంజాం కొండల్లో కోదులు భూదేవతకు మనుషుల్ని అర్పించేవారని, అలా అర్పించే మనిషిని 'మెరియా' అంటారని 1836లో జార్జ్ రసెల్ నివేదికతో బ్రిటిష్ ప్రభుత్వానికి తెలిసింది. అప్పటికే గుంసూరు యుద్ధం జరుగుతోంది. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ, అంటే మన పాలకులూ వాళ్ళే. 1845లో చట్టం చేసి మెరియా ఏజెన్సీ అనే ప్రత్యేక విభాగాన్నే పెట్టారు. అది 1861 దాకా నడిచింది. బలికని ఉంచిన మనుషులను వెయ్యికి పైగా విడిపించారు. జాన్ క్యాంప్‌బెల్ అనే అధికారి 1864లో తన పదమూడేళ్ళ ఉద్యోగం గురించి పుస్తకం రాశాడు. 'అడవి జాతులు' అన్న మాట ఆ పుస్తకం పేరులోనే ఉంది. అందులో అధికారి మాట్లాడతాడు, కొండలు వింటాయి. కోదు మనిషి నోరు విప్పినా అధికారి ప్రశ్నకు జవాబుగానే విప్పుతాడు.

ఫెలిక్స్ పాడెల్ అనే మానవశాస్త్రవేత్త 1995లో ఈ కథను తిరగేసి రాశాడు. మనుషుల్ని అర్పించడం ఆపుతామని వచ్చినవాళ్ళు ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టారు, నాయకులను ఉరితీశారు, ఆ ప్రాణాలు ఏ దేవతకు అర్పణ అని ఆయన అడిగాడు. మన యువత చదవాల్సిన పుస్తకం అది. అయితే ఒక జాగ్రత్త కావాలి. బ్రిటిష్‌వాడు క్రూరుడని తేలినంత మాత్రాన మెరియా క్రూరం కాకుండా పోదు. డబ్బిచ్చి కొన్న పిల్లల్ని పెంచి చంపడం అది. ఆ పిల్లల్లో చాలామంది బలహీన కుటుంబాల వాళ్ళే, మైదానం నుంచి తెచ్చినవాళ్ళూ ఉన్నారు. మన చరిత్రను మనం రాసుకునేటప్పుడు ఈ పిల్లల పక్షాన కూడా ఒకరు మాట్లాడాలి.

తర్వాత జరిగిందే ఇక్కడ మనకు పనికొచ్చేది. మనిషి స్థానంలో దున్న వచ్చింది. భూమి పండటం మానలేదు. పసుపు ఎర్రగా ఊరలేదని కోదులు కొండ దిగి వెళ్ళిపోలేదు. భూదేవత ఒప్పుకుంది, ఒప్పించింది పూజారులే. కాబట్టి 'ఆచారంలో వెంట్రుకంత మార్చినా దేవతకు కోపమొస్తుంది' అనే వాదన మన చరిత్రకే విరుద్ధం. మన దేవతలు మార్పును తెలిసినవాళ్ళు. బలవంతం మీద వచ్చిన మార్పునే అంగీకరించిన దేవత, మనం ఆలోచించి చేసే మార్పును కాదంటుందా? పాత పద్ధతిలో దున్న ప్రాణంతో ఉండగానే తలా ఒక ముక్క కోసుకుని పొలానికి పరుగెత్తేవారు. నెత్తురు వేడిగా ఉండగానే మట్టిలో పడాలని. దీన్ని సంస్కృతి అనే ఒక్క మాటతో కప్పేయడం నాకు చేతకాదు. గింజ ముట్టేదాకా ఆగమన్న పెద్దలూ మనవాళ్ళే, ప్రాణముండగా కోసిన పెద్దలూ మనవాళ్ళే. ఇద్దరిలో ఎవరి మాట వినాలో ఎంచుకునే హక్కు మనకుంది.

సవరల అనుభవం వేరు. అక్కడ ప్రశ్న బాధ గురించి కంటే ఎక్కువగా ఖర్చు గురించి వచ్చింది. గుఆర్ అనే కర్మకాండలో చనిపోయినవారి పేరున రాయి నిలబెడతారు, బంధువులు దున్నలు తెస్తారు. మాంసం ఎవరికి ఎంత, ఏ భాగం అన్నదానికి వంశాల వారీగా లెక్క ఉంటుంది. ఆ లెక్కలోనే ఎవరు ఎవరికి ఏమవుతారో ఊరంతటికీ తెలుస్తుంది. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద గ్రంథం రాశాడు. పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నుంచి ఒడిశా సవరల మధ్య ఉండి, పూనకం వచ్చిన స్త్రీల నోట చనిపోయినవాళ్ళు బతికున్నవాళ్ళతో మాట్లాడే సంభాషణల మీద ఒక పుస్తకం, అవి ఆగిపోయాక ఏం జరిగిందో 2017లో ఇంకో పుస్తకం రాశాడు. రెండోది చదువుతుంటే మనసు బరువెక్కుతుంది. కొత్త తరం చదువుకుంది, చాలామంది క్రైస్తవంలోకి వెళ్ళారు. దున్నల ఖర్చు, దానికోసం చేసే అప్పు ఆ మార్పుకు ఒక కారణం. అప్పు పోయింది. దానితో చనిపోయిన అమ్మతో మాట్లాడే వీలు కూడా పోయింది.

ఈ పుస్తకాన్ని మనం రెండు రకాలుగా చదవచ్చు. మతం మారినవాళ్ళ మీద కోపంతో చదవచ్చు, అది తేలిక. దున్నల సంఖ్యను మన పెద్దలే ముందుగా తగ్గించి ఉంటే, మాట్లాడే వీలునైనా కాపాడుకోగలిగేవాళ్ళమా అన్న ప్రశ్నతో చదవడం కష్టం. నేను ఈ రెండోవైపు మొగ్గుతాను. అప్పు చేసి తెచ్చిన దున్న విషయంలో లాభపడింది సంతలో అమ్మినవాడు, వడ్డీకిచ్చినవాడు. చనిపోయినవాళ్ళకు ఆ వడ్డీతో పనేమిటి?

ఇక చట్టం సంగతి. ఉపాధ్యాయులకు ఇది తెలిసి ఉండాలి. మద్రాసు రాష్ట్రంలో 1950లో జంతువులు, పక్షుల బలిని నిషేధిస్తూ చట్టం వచ్చింది, అదే ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. బహిరంగ పూజాస్థలంలో గానీ దాని ఆవరణలో గానీ బలి ఇవ్వకూడదని దాని సారం. తమిళనాడు తన చట్టాన్ని 2004లో రద్దు చేసుకుంది. 1960లో కేంద్రం చేసిన జంతుహింస నివారణ చట్టం ఇంకో దారిలో నడుస్తుంది. దాని 28వ సెక్షన్ ప్రకారం, ఒక సమాజం మతం కోరే పద్ధతిలో జంతువును చంపడం ఆ చట్టం కింద నేరం కాదు. ఒక చట్టం వద్దంటుంది, ఒక చట్టం వదిలేస్తుంది. మధ్యలో 1996లో ప్రభుత్వమే మేడారం జాతరను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. అక్కడ ఎన్ని కోళ్ళు, ఎన్ని మేకలు తెగుతాయో వెళ్ళినవాళ్ళకు తెలుసు. సమ్మక్క కోయల ఇలవేల్పు. కానీ లక్షల్లో వచ్చే జనంలో కోయలు కొద్దిమంది. బైకు హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడుతూ వంద కిలోమీటర్లు వచ్చిన కోడికి గింజ ఎవరు పోస్తారు? వెనక వరస కట్టిన జనముండగా మేక దులుపుకునేదాకా ఎవరు ఆగుతారు? జాతర పెద్దదైన కొద్దీ చంపడం మిగిలింది, ఆగడం పోయింది. అయినా పత్రికలో 'ఆదివాసీ ఆచారం' అనే రాస్తారు.

గోదావరి జిల్లాల కోడిపందేల మాట కూడా ఇక్కడే ఎత్తుతారు మన యువకులు. కాలికి కత్తి కట్టి, టెంట్లు వేసి, కోట్లలో పందేలు కాస్తారు, హైకోర్టు ఆపమన్నా ఆగవు, పెద్దమనుషులే వచ్చి కూర్చుంటారు, దాన్ని మాత్రం సంప్రదాయం అంటారు అని. జల్లికట్టును 2014లో సుప్రీంకోర్టు నిషేధిస్తే తమిళనాడు 2017లో చట్టం సవరించుకుంది, 2023లో అదే కోర్టు ఆ సవరణను సమర్థించింది అని. బలమున్నవాడి ఆచారానికి చట్టం మారుతుంది, బలంలేనివాడి ఆచారానికి పోలీసు వస్తాడు. ఈ మాట అక్షరాలా నిజం, సభల్లో గట్టిగానే చెప్పాలి. కానీ మన ఊళ్ళో పనికి ఇది వాదం కాదు. వాళ్ళ కోడి కాలికి కత్తి ఉందన్నది మన దున్నకు ఏ రకంగానూ ఉపశమనం ఇవ్వదు.

1960 చట్టంలోనే మనకు పనికొచ్చే ఒక మాట ఉంది. 11వ సెక్షన్‌లో ఆహారం కోసం చంపడాన్ని మినహాయిస్తూ, అందులో 'అవసరంలేని బాధ' ఉండకూడదంటుంది. చట్టం మనది కాకపోయినా ఈ గీత మనదే అనిపిస్తుంది. చంపడం వేరు, బాధపెట్టడం వేరు. చంపి తినడం గురించి మనం సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఊరంతా తలా ఇంత పంచుకుని, ముసలివాళ్ళకూ, పండుగకు రాలేని బాలింతకూ వాటా పంపే భోజనం అది. మొద్దు కత్తితో మూడు దెబ్బలు వేయడం, ఒకదాని ముందు ఒకదాన్ని కోయడం, ఎండలో నీళ్ళు లేకుండా కట్టేయడం, కాళ్ళు విరిగేలా కట్టి ఆటోలో కుక్కడం, ఇవి ఏ దేవతా అడగలేదు. ఇవి మన బద్ధకం. కొన్ని చోట్ల తాగుడు.

వేట పండుగ ఇంకో రకం పరీక్ష. పాడేరు, అరకు వైపు ఏప్రిల్‌లో ఇటుకల పండుగ వస్తుంది. విత్తనాలకు పూజ జరుగుతుంది, మగవాళ్ళు అడవికి వేటకు వెళతారు, ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్ళను డబ్బులడుగుతారు. ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ళ మీద పేడనీళ్ళు చల్లి ఆటపట్టిస్తారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. అటవీశాఖవారు ఆ మాట ఏటా చెబుతారు. చట్టం సంగతి అటుంచితే, అడవిలో వేటాడటానికి ఏం మిగిలింది? కాఫీ తోటలు, రోడ్లు, గనుల తవ్వకాలు, కలప కూపులు తిన్నంత అడవిని మన బాణాలు తినలేదు. ఇది ఎవరైనా ఒప్పుకోవాల్సిన లెక్క. కానీ మిగిలిన నాలుగు జంతువుల మీదకు కుక్కలను, తుపాకులను తీసుకుని పోవడానికి ఆ లెక్క అనుమతి ఇవ్వదు. కొండగొర్రె మన పాటల్లో ఉంది, మన పిల్లలు చాలామంది దాన్ని చూడలేదు.

వేట జంతువు దొరక్కపోయినా ఈ పండుగ ఆగలేదు. ఈ మధ్య చాలామంది మగవాళ్ళు ఉత్త చేతులతోనే వస్తున్నారు, కాబట్టి ఆడవాళ్ళకు పేడనీళ్ళ పని పెరిగింది (వాళ్ళకు దాని మీద ఏ అభ్యంతరమూ ఉన్నట్టు కనిపించదు). విత్తనం ఉంది, దారి కర్ర ఉంది, పాట ఉంది, ఎగతాళి ఉంది. అంటే పండుగకు ప్రాణం వేట జంతువులో లేదన్నమాట. కొండరెడ్ల మామిడి పండుగ కూడా ఇలాంటిదే చెబుతుంది. దేవతకు పెట్టేదాకా కొత్త మామిడికాయ నోట పెట్టరు. కాయ ముదరకముందే కోయకుండా ఉండేందుకు ఇంతకంటే మంచి కట్టుబాటు ఏ అటవీశాఖ పెట్టగలదు? మన మతంలో తీసుకోవడం ఎంత ఉందో ఆగడం అంత ఉంది. బయటివాళ్ళు రాసేటప్పుడు తీసుకోవడాన్నే చూస్తారు. మన రచయితలు ఆగడం గురించి రాయాలి. ఆ రకం వ్యాసాలు, కథలు మనకు చాలా తక్కువగా ఉన్నాయి.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఫోను. ఇప్పుడు పూజారి కత్తి ఎత్తగానే పది చేతులు లేస్తాయి, పది చేతుల్లోనూ ఫోన్లు. తెగిన తల దగ్గరగా చూపించి, వెనక డీజే పాట పెట్టి, సాయంత్రానికి పంపిస్తారు. మొక్కులో చెప్పిన మాటలు అందులో వినపడవు. అది చూసినవాడికి దేవత కనిపించదు, కోత ఒక్కటే కనిపిస్తుంది. క్యాంప్‌బెల్ 1864లో రాసిన బొమ్మనే 2020లలో మన పిల్లలు తమ చేత్తో తీసి లోకానికి ఇస్తున్నారు. తర్వాత ఎవరో అనాగరికం అంటే కోపం వస్తుంది. ఒక ప్రాణం పోయే సమయాన్ని వినోదం చేయడమే అసలు క్రూరం, అది పాత ఆచారంలో లేదు. పాత ఆచారంలో ఆ సమయానికి డప్పు ఆపి, చిన్నపిల్లల్ని వెనక్కి తీసుకెళ్ళే ఊళ్ళున్నాయి.

ఉపాధ్యాయులకు ఒక మాట. జీవకారుణ్యం పాఠం చెప్పొద్దని ఎవరూ అనరు. చెప్పే ముందు పిల్లల్ని అడగండి. మీ ఇంట్లో కోడిని ఎవరు పెంచుతారు, దానికి పేరుందా, కోసేరోజు ఎవరు ఏడుస్తారు, తల ఎవరికి, కాలేయం ఎవరికి, మేక తోలు ఏం చేస్తారు. పిల్లలు గంటసేపు చెబుతారు, రాయమంటే నాలుగు పేజీలు రాస్తారు. ఆ పేజీల్లోనే ప్రేమా ఉంటుంది, బాధా ఉంటుంది, 'మా తాత దున్న కోసం అప్పు చేశాడు' అన్న వాక్యమూ ఉంటుంది. చర్చ అక్కడ మొదలుపెట్టవచ్చు.

చర్చను ముగించాల్సిన చోటు మాత్రం బడి కాదు, స్టేషనూ కాదు. 1996 పెసా చట్టం 4వ సెక్షన్ 'డి' క్లాజు మన సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కాపాడుకునే అధికారం ఉన్నవారికే మార్చుకునే అధికారమూ ఉంటుంది. ఆ సభలో దిసారి మాట్లాడాలి, పూజారి మాట్లాడాలి, అప్పు తీర్చే ఇల్లాలు మాట్లాడాలి, ఫోను పట్టుకున్న కుర్రాడు కూడా మాట్లాడాలి. దున్నల సంఖ్య ఎంతకు మించకూడదు, కత్తి ఎవరు పట్టాలి, కోసేచోట ఫోన్లు ఉండాలా వద్దా, వేటకు వెళ్ళే దారి ఎక్కడ ఆగాలి, ఇవన్నీ ఒక పూటలో తేలేవి కావు. వచ్చే ఇటుకల పండుగకు ముందు, మార్చి నెలలో పనులు తక్కువగా ఉన్నప్పుడు సభ పెట్టుకుంటే సమయం సరిపోతుంది.